మిస్టరీ వీడియోలు చేసే మిత్రులకు: ఈసారి సగంలో ఆగిపోయిన రాయి ముందు కెమెరా పెట్టండి

మిత్రులకు నమస్కారం.

పిరమిడ్ల మీద, ఎల్లోరా కైలాసం మీద, బాల్‌బెక్ రాళ్ళ మీద, బరాబర్ గుహల మీద వీడియోలు చేస్తున్న మీ అందరికీ కలిపి రాస్తున్న ఉత్తరం ఇది. ఏ ఒక్క ఛానెల్‌నూ దృష్టిలో పెట్టుకుని రాయడం లేదు. మీలో చాలామంది కష్టపడతారని తెలుసు. ఎండలో కొండలెక్కి, పుస్తకాల్లో ఎక్కడో చిన్న నలుపు తెలుపు ఫొటోగా ఉండే శిల్పాన్ని దగ్గరగా, రంగుల్లో చూపిస్తున్నారు. పురాతన కట్టడాల వైపు ఇంతమంది కుర్రవాళ్ళను తిప్పింది మీరే. ఆ మెప్పు మీకు దక్కాల్సిందే.

అయినా ఒక ఫిర్యాదు ఉంది. మీ వీడియోలన్నీ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. ముందు రాయి బరువు చెబుతారు. తర్వాత కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నాయో చెబుతారు. ఆ తర్వాత 'అప్పట్లో క్రేన్లు లేవు, కరెంటు లేదు' అంటారు. అక్కడ మ్యూజిక్ మారుతుంది. 'మరి ఇది ఎవరు కట్టారు?' అని గొంతు తగ్గించి అడుగుతారు. జవాబు గ్రహాంతరవాసులైనా కావచ్చు, సముద్రంలో మునిగిపోయిన ఏదో మహా నాగరికతైనా కావచ్చు, మన పూర్వీకుల దగ్గరున్న లేజర్ యంత్రాలైనా కావచ్చు. ఉలి పట్టుకున్న మనిషి మాత్రం ఆ జవాబులో ఉండడు.

ఇలా ఎందుకు జరుగుతోందో ఆలోచిస్తే నాకు తోచిన కారణం ఒకటి ఉంది. మీరెప్పుడూ పూర్తయిన కట్టడం ముందే నిలబడతారు. మంచి శిల్పి చివరగా చేసే పని తన ఉలి దెబ్బలను తానే చెరిపేయడం. నునుపు చేస్తాడు, గీతలు పోగొడతాడు, పరంజా విప్పేస్తాడు, రాయిని మోకులతో కట్టడానికి వదిలిన బొడిపెలను చెక్కేస్తాడు. పని ఎంత బాగా కుదిరితే అది ఎలా జరిగిందో తెలిపే గుర్తులు అంత తక్కువగా మిగులుతాయి. అలాంటి చోట నిలబడి 'ఆనవాళ్ళు ఏవీ?' అని అడిగితే ఎక్కడ దొరుకుతాయి? ఆనవాళ్ళు పని ఆగిపోయిన చోట ఉంటాయి. పగిలిన రాయి దగ్గర, డబ్బు చాలక వదిలేసిన గుడిలో, యుద్ధం వచ్చి అందరూ పారిపోయిన క్వారీలో ఉంటాయి. అలాంటి చోట్లు ప్రపంచమంతటా ఉన్నాయి. మీ కెమెరాలు అటు తిరగడం చాలా అరుదు.

ముందుగా ఈజిప్టులోని అస్వాన్ వెళ్దాం. అక్కడి గ్రానైట్ క్వారీలో సుమారు 42 మీటర్ల పొడవున్న ఒబెలిస్క్ (ఒకే రాతితో చేసే, పైకి సన్నబడే నిలువు స్తంభం) ఇప్పటికీ నేలకు అంటుకునే పడుకుని ఉంది. లేచి ఉంటే వెయ్యి టన్నులు దాటేది. పురాతన ఈజిప్టులో తలపెట్టిన ఒబెలిస్కులన్నిటిలో తెలిసినంతవరకూ ఇదే పెద్దది. దీన్ని చాలామంది హత్షెప్సుత్ రాణి కాలానికి, అంటే క్రీ.పూ. 15వ శతాబ్దానికి చెందినదిగా చెబుతారు. పని నడుస్తుండగా రాతిలో పగుళ్ళు బయటపడ్డాయి. వెంటనే వదిలేయలేదు. పగులును తప్పించి కాస్త చిన్న ఒబెలిస్క్ తీయవచ్చేమోనని కొత్త గీతలు గీసి చూశారు. అదీ కుదరదని తేలాక వదిలేసి వెళ్ళిపోయారు.

ఆ వైఫల్యం మనకు దొరికిన నిధి. రాయి చుట్టూ మనిషి పట్టేంత కందకం ఉంది. దాని గోడల మీద, అడుగున గిన్నెల్లాంటి గుంటలు వరసగా ఉన్నాయి. ఆ గుంటలు ఉలితో చెక్కినవి కావు. గ్రానైట్ కన్నా గట్టిదైన డోలరైట్ రాతి గుండ్లతో దంచి దంచి పొడి చేసిన గుర్తులు. ఆ గుండ్లూ అక్కడే దొరికాయి, కొన్ని పగిలినవి, కొన్ని అరిగి గుండ్రమైనవి. పని ఎంత లోతుకు దిగిందో కొలవడానికి ఎర్ర రంగుతో పెట్టిన గుర్తులు కూడా ఉన్నాయి. అంటే మేస్త్రీ వచ్చి కొలిచాడు, ఇవాళ్టికి ఇంతయింది అని రాసుకున్నాడు. 1922లో ఈ రాయిని పరిశీలించిన రెజినాల్డ్ ఎంగెల్‌బాక్ అనే ఇంజినీరు తానే గుండు పట్టి దంచి, గంటకు ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుందో లెక్క కట్టాడు. దిగేది కొద్దిగానే. కానీ దిగుతుంది. వందలమంది చేతులు వంతులవారీగా నెలల తరబడి పనిచేస్తే గ్రానైట్ కూడా ఓడిపోతుంది.

నెలలు అన్నది నా ఊహ కాదు. ఈజిప్టులోనే కర్నాక్ గుడిలో హత్షెప్సుత్ నిలబెట్టించిన ఒబెలిస్క్ మీదే ఆ విషయం చెక్కి ఉంది. కొండ నుంచి రాయి తీసే పనికి ఏడు నెలలు పట్టిందని రాణి గొప్పగా చెప్పుకుంది. అది దాదాపు 30 మీటర్ల ఎత్తు, 300 టన్నుల పైచిలుకు బరువు. 'పుస్తకాల్లో లేని రహస్యం' అని మీరు థంబ్‌నెయిల్ పెట్టే కట్టడం మీదే, ఎన్నాళ్ళు పట్టిందో రాసి ఉంది!

ఇక బీహార్‌లోని బరాబర్ గుహలు. ఈ మధ్య మీ వీడియోల్లో వీటికి గిరాకీ బాగా పెరిగింది, అందులో ఆశ్చర్యమేమీ లేదు. లోపలి గ్రానైట్ గోడలు అద్దంలా మెరుస్తాయి. టార్చ్ వేస్తే వెలుగు తిరిగి కళ్ళలో పడుతుంది, చిన్న మాట అన్నా చాలాసేపు మోగుతుంది. 'క్రీ.పూ. 3వ శతాబ్దంలో మనుషుల చేతులతో ఇది సాధ్యమా?' అని అడుగుతారు. బాగుంది. అదే కొండలో, పక్కనే లోమశ ఋషి గుహ ఉంది కదా, అక్కడ లోపలికి కెమెరా తీసుకెళ్ళండి. దాని ముఖద్వారాన్ని అందరూ చూపిస్తారు. చెక్క ఇంటి చూరును రాతిలో దింపినట్టుండే ఆ కమాను, దాని మీద స్తూపాల వైపు నడుస్తున్న ఏనుగుల వరస ఫొటోకి అందంగా ఉంటాయి మరి. లోపల మాత్రం పని పూర్తి కాలేదు. కొన్ని గోడలకు మెరుగు పెట్టారు, కప్పు, నేల గరుకుగానే ఉన్నాయి, లోపలి గుండ్రటి గది ఇంకా మొరటుగా ఉంది. ఉలి దెబ్బలు లెక్కపెట్టవచ్చు. ముందు పెద్ద దెబ్బలతో తొలచడం, తర్వాత చిన్న దెబ్బలతో చదును చేయడం, ఆఖరున రాపిడితో మెరుగు తేవడం, ఈ దశలన్నీ ఒకే గుహలో పక్కపక్కన కనిపిస్తాయి. పక్క గుహల్లో అశోకుడి శాసనాలున్నాయి. పట్టాభిషేకమైన 12వ ఏట ఆజీవక సన్యాసులకు ఇచ్చానని వాటిలో రెండింటిలో ఉంది. ఎవరిచ్చారో, ఎవరికిచ్చారో, ఏ ఏడు ఇచ్చారో గోడ మీదే చెబుతుంటే 'ఎవరికీ తెలియని గుహలు' అనడం అన్యాయం కాదా?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ టర్కీలో ఉంది. డిడిమా అనే చోట అపోలో దేవుడికి గ్రీకులు తలపెట్టిన గుడి. అలెగ్జాండర్ తర్వాతి కాలంలో మొదలైంది, వందల ఏళ్ళు కొనసాగింది, చివరికి పూర్తి కాలేదు. దాని నిలువెత్తు స్తంభాలు చూసి అందరూ 'డ్రాయింగులు లేకుండా ఇంత కొలతగా ఎలా కట్టారు?' అనుకునేవాళ్ళు. గ్రీకు గుళ్ళ నిర్మాణ పటాలు దొరక్కపోవడం పండితులకు కూడా చాలాకాలం చిక్కుముడిగానే ఉండేది. 1979లో లోథార్ హాసెల్‌బెర్గర్ అనే జర్మన్ పరిశోధకుడు ఆ గుడి లోపలి గోడల మీద వెలుగు ఏటవాలుగా పడినప్పుడు సన్నటి గీతలు గమనించాడు. పరిశీలించిన కొద్దీ అవి దాదాపు 200 చదరపు మీటర్ల మేర పరుచుకున్నాయని తేలింది. అవే ఆ గుడి పటాలు! గోడల మీదే గీసుకున్నారు, నిజమైన కొలతల్లో.

అందులో స్తంభం బొమ్మ ఒకటుంది. గ్రీకు స్తంభాలు నిట్టనిలువు గీతలా ఉండవని మీకు తెలుసు. మధ్యలో సన్నగా ఉబ్బి, పైకి పోయేకొద్దీ తగ్గుతాయి. ఆ ఉబ్బు ఎంత సూక్ష్మమంటే కంటికి దొరకదు. దాన్ని గీయడానికి వాళ్ళు చేసిన ఉపాయం చూడండి. అడ్డం కొలతను ఉన్నదున్నట్టు వేసి, ఎత్తును మాత్రం 16వ వంతుకు కుదించారు. అలా కుదిస్తే కంటికి అందని ఆ వంపు స్పష్టమైన విల్లులా కనిపిస్తుంది. ఏ ఎత్తులో స్తంభం ఎంత మందం ఉండాలో దాని నుంచి నేరుగా కొలుచుకుని చెక్కేవాడికి చెప్పవచ్చు. ఎంత తెలివి! కంప్యూటరు లేదు, కాగితం లేదు. ఒక గోడ, ఒక సూదిమొన, కొంత జ్యామితి ఉన్నాయి.

ఆ గీతలు ఎందుకు మిగిలాయో తెలుసా? గుడి పూర్తి కాలేదు కాబట్టి. గ్రీకు మేస్త్రీలు ఆఖరి మెరుగు పెట్టేటప్పుడు గోడ పైపొరను చెక్కి నునుపు చేసేవారు. ఏథెన్స్‌లోని పార్థెనాన్ లాంటి పూర్తయిన గుళ్ళ మీద ఇలాంటి పటాలేవైనా ఉండి ఉంటే అవి ఆ నునుపు పనిలోనే పోయి ఉంటాయి. డిడిమాలో ఆ ఆఖరి పని జరగలేదు. ఇంతకన్నా సస్పెన్స్ ఉన్న కథ ఏ గ్రహాంతరవాసి ఇవ్వగలడు?

సిసిలీ ద్వీపంలో కావే ది కూజా క్వారీ కూడా ఇలాంటిదే. సెలినుంటే నగరం గుళ్ళకు ఇక్కడి నుంచి స్తంభాల ముక్కలు తీసుకెళ్ళేవారు. క్రీ.పూ. 409లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరపు సైన్యం ఆ నగరం మీద పడింది. క్వారీలో పని అక్కడికక్కడే ఆగిపోయింది. కొన్ని స్తంభాలు ఇంకా బండలోనే గుండ్రంగా సగం చెక్కి ఉన్నాయి, కొన్ని విడదీసి ఉన్నాయి, కొన్ని నగరం దారిలో పడి ఉన్నాయి. మొదటి దెబ్బ నుంచి రవాణా దాకా ప్రతి మజిలీ అక్కడ కనిపిస్తుంది. అదే ద్వీపంలో సెజెస్టా గుడి మెట్ల రాళ్ళకు మోకులు తగిలించే బొడిపెలు ఇంకా అలాగే ఉన్నాయి. తీసేయాల్సిన వాళ్ళు మళ్ళీ రాలేదు.

బాల్‌బెక్ సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. లెబనాన్‌లోని ఆ రోమన్ గుడి పీఠంలో ఒక్కొక్కటి 800 టన్నుల దాకా ఉండే మూడు రాళ్ళున్నాయి. నిజంగానే గుండె ఆగేంత పెద్దవి. అయితే క్వారీ గుడికి ఒక కిలోమీటరు లోపే, గుడి కన్నా కొద్దిగా ఎత్తులో ఉందని చెప్పడం మీలో చాలామంది మరిచిపోతారు. ఆ క్వారీలో వెయ్యి టన్నుల రాయి ఒకటి కదలకుండా ఉంది. 2014లో జర్మన్ పురావస్తు బృందం దాని పక్కన, కింద తవ్వితే ఇంకా పెద్దది, 1,600 టన్నులు దాటేది బయటపడింది. ఎందుకు వదిలేశారు? పెద్ద రాళ్ళను పరిశీలించినప్పుడు ఒకదాని అంచున రాయి నాసిగా ఉందని తేలింది. లాగితే దారిలోనే విరిగేది. ఇది మనిషి ఎదుర్కొనే ఇబ్బంది. రాళ్ళను గాల్లో తేల్చగల వాడికి అంచు నాసిగా ఉందన్న టెన్షన్ ఎందుకు?

రాళ్ళు లాగడం గురించి అయితే వాళ్ళే బొమ్మలు వేసి మరీ చెప్పారు. ఈజిప్టులో జెహుతిహోతెప్ అనే అధికారి సమాధి గోడ మీద, సుమారు క్రీ.పూ. 1850 నాటిది, పెద్ద కూర్చున్న విగ్రహాన్ని చక్రాల్లేని చెక్కబండి మీద పెట్టి నాలుగు వరసల్లో 172 మంది లాగుతున్నారు. విగ్రహం ఒళ్ళో నిలబడి ఒకడు చప్పట్లతో తాళం వేస్తున్నాడు. బండి ముందు భాగంలో నిలబడి ఒకడు ఇసుక మీద నీళ్ళు పోస్తున్నాడు. ఆ నీళ్ళను చాలాకాలం ఏదో పూజా కార్యక్రమం అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ భౌతిక శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూస్తే, ఇసుకను సరైన పాళ్ళలో తడిపితే లాగే బలం దాదాపు సగం సరిపోతుందని తేలింది. పొడి ఇసుక బండి ముందు కుప్పగా పేరుకుంటుంది, తడి ఇసుక గట్టిగా నిలబడుతుంది. అస్సీరియాలో (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) సెన్నాఖెరిబ్ రాజు కూడా, క్రీ.పూ. 7వ శతాబ్దం తొలి ఏళ్ళలో, నీనెవె ప్యాలెస్ గోడల మీద రెక్కల ఎద్దును లాగించిన తీరంతా చెక్కించాడు. మోకులు, వెనక నుంచి ఎత్తే మీటకర్రలు, విగ్రహం మీద నిలబడి కేకలేసే పర్యవేక్షకులు, అన్నీ ఉన్నాయి. ఆ రాతిపలకలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ బొమ్మలో ఎద్దు పూర్తిగా చెక్కి లేదు, మోటుగా రూపు తీసి లాగుతున్నారు. బరువు తగ్గించి, మిగతాది స్థలానికి చేరాక చెక్కుకోవడం అన్నమాట.

ఎల్లోరా గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన భాషలో ఎక్కువ వీడియోలు దాని మీదే. నిజానికి 8వ శతాబ్దపు కట్టడాన్ని ప్రాచీనం అనవచ్చా అన్నది వేరే చర్చ. మీ వీడియోల్లో అది వేల ఏళ్ళు వెనక్కి పోతుంది కాబట్టి ప్రస్తావించక తప్పదు. రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడి కాలంలో (సుమారు 756 నుంచి 773 వరకు) ప్రధానంగా తొలచిన గుడి అది. కొండను పై నుంచి కిందికి చెక్కుకుంటూ దిగారు. 'పైనుంచి చెక్కడం అసాధ్యం' అని మీలో కొందరు అంటారు. నాకైతే కింది నుంచి చెక్కడమే కష్టమనిపిస్తుంది. పై నుంచి దిగితే పరంజా అక్కర్లేదు, నిలబడటానికి కొండే ఉంది. ఈ పద్ధతి అప్పటికి కొత్తది కూడా కాదు. మహాబలిపురంలో ఎల్లోరాకు శతాబ్దం ముందే పల్లవులు రథాలు చెక్కించారు. ధర్మరాజ రథం చూడండి. పై అంతస్తులు శిల్పాలతో నిండి ఉంటాయి, కింది అంతస్తు సగంలోనే ఆగింది. భీమ రథం అడుగు భాగం కూడా అంతే. పై నుంచి కిందికి వచ్చారని చెప్పడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? కైలాసంలో పని పూర్తయింది కాబట్టి అది ఇంద్రజాలంలా కనిపిస్తుంది. మహాబలిపురంలో ఆగిపోయింది కాబట్టి అర్థమవుతుంది.

ఇంకో సంగతి. కైలాసానికి దగ్గరి పోలిక ఉన్న గుడి పట్టదకల్లులోని విరూపాక్ష ఆలయం. చాళుక్య రాణి లోకమహాదేవి సుమారు 740లో కట్టించింది. కొన్నేళ్ళకే రాష్ట్రకూటులు చాళుక్యుల రాజ్యాన్ని చేజిక్కించుకున్నారు. రాజులు మారినా ఆ సంప్రదాయం కొనసాగింది. విరూపాక్ష ఆలయం కట్టిన స్థపతి పేరు అక్కడి శాసనంలో ఉంది, గుండ అనివారితాచారి. రాణి పేరుతో పాటు అతని పేరు, బిరుదులు చెక్కారు. మీ వీడియోల్లో 'ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు' అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఈయన గుర్తొస్తాడు.

కైలాసాన్ని చూసి ఆశ్చర్యపోయిన మొదటివాళ్ళు మీరూ కాదు, నేనూ కాదు. 812 నాటి బరోడా తామ్రశాసనం ఆ పని అప్పుడే చేసింది. విమానాల్లో పోతున్న దేవతలు ఆ గుడిని చూసి, ఇది తనంతట తాను వెలసింది గానీ చేసిన పనిలో ఇంత అందం ఉండదు అనుకున్నారట. (విమానాలు అన్నాను కదా అని దయచేసి దాంతో ఇంకో వీడియో మొదలుపెట్టకండి!) ఆ వెంటనే శాసనకవి ఇంకో మాట అంటాడు. దాన్ని కట్టిన శిల్పి కూడా, మళ్ళీ ఇలాంటిది చేయమంటే తన వల్ల కాదనుకుని, అసలు నేనిది ఎలా చేశానా అని విస్తుపోయాడట. మీరు చెప్పే అద్భుతానికి ఇది ఏమాత్రం తగ్గదు. తేడా అల్లా ఆ కవి శిల్పిని కథలోంచి గెంటేయలేదు, అంతే.

మనుషుల సంగతికొస్తే పిరమిడ్ల విషయంలో ఇప్పుడు దాదాపు డైరీ చదివినట్టు చదవవచ్చు. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ దగ్గర పురావస్తు శాస్త్రజ్ఞుడు పియెర్ తాలే బృందానికి పపైరస్ (ఒక రకం మొక్క నుంచి చేసే పాతకాలపు కాగితం) ముక్కలు దొరికాయి. ఇప్పటివరకు దొరికిన రాత ఉన్న పపైరస్‌లలో ఇవే అతి పాతవి. మహా పిరమిడ్ కట్టించిన ఖుఫు రాజు చివరి కాలానివి. అందులో మెరెర్ అనే చిన్న అధికారి తన జట్టు రోజువారీ పనిని రాసుకున్నాడు. తురా క్వారీలో సున్నపురాయి ఎక్కించుకోవడం, పడవల్లో నైలు మీదుగా గీజాకు తేవడం, రాత్రి ఎక్కడ పడుకున్నారో రాయడం, మళ్ళీ తురాకు పోవడం. మహా పిరమిడ్‌కు తొడుగుగా పరచిన తెల్లటి రాయి ఇలా వచ్చిందే. చదువుతుంటే మన లారీ డ్రైవర్ల ట్రిప్ షీట్ గుర్తొస్తుంది. పర్యవేక్షకుడి పేరు కూడా ఉంది, ఖుఫు సవతి సోదరుడు అంఖాఫ్.

పనివాళ్ళ జట్లకు పేర్లుండేవి. 'ఖుఫు మిత్రులు' అని ఒకటి, గీజాలోనే పిరమిడ్ కట్టించిన ఇంకో రాజు పేరుతో 'మెన్‌కౌరే తాగుబోతులు' అని ఇంకొకటి. ఎర్ర రంగుతో రాళ్ళ మీద రాసుకున్నారు. వాళ్ళు తిన్న పశువుల ఎముకలు, రొట్టెలు కాల్చిన బట్టీలు, సమాధులు గీజాలోనే తవ్వకాల్లో బయటపడ్డాయి. విరిగి అతుక్కున్న ఎముకలున్నాయి, అంటే దెబ్బ తగిలిన వాళ్ళకు వైద్యం జరిగింది. తర్వాతి కాలంలో రాజుల సమాధులు చెక్కిన దేర్ ఎల్ మెదీనా ఊరి పనివాళ్ళ హాజరు పట్టీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెండవ రామ్సేస్ 40వ ఏటిది. ఎవడు ఎందుకు రాలేదో అందులో రాశారు. ఒకడిని తేలు కుట్టింది, ఒకడికి కళ్ళ జబ్బు, ఒకడు ఇంట్లో బీరు కాచుకుంటున్నాడు. అదే ఊరివాళ్ళు మూడవ రామ్సేస్ 29వ ఏట ధాన్యం జీతం అందలేదని పని ఆపేసి గుడి దగ్గర బైఠాయించారు. తెలిసినంతలో చరిత్రలో నమోదైన తొలి సమ్మె అదే. గ్రహాంతరవాసులు సమ్మె చేశారని ఎక్కడా రాసిలేదు.

పిరమిడ్లకూ సగంలో ఆగిన, దారి తప్పిన పనులు ఉన్నాయి. జోసెర్ మెట్ల పిరమిడ్ తర్వాత నున్నటి పక్కల పిరమిడ్ కోసం చేసిన ప్రయత్నాల్లో మేదుమ్‌ది కూలిపోయింది. దహ్షూర్‌లో స్నెఫెరు కట్టించినది సుమారు 54 డిగ్రీల వాలుతో మొదలై, సగం ఎత్తులో 43కి తగ్గి వంకరగా మిగిలింది. అదే రాజు తర్వాత కట్టించిన ఎర్ర పిరమిడ్‌కు మొదటినుంచీ 43 డిగ్రీలే. కొడుకు ఖుఫు కాలానికి 146 మీటర్ల పిరమిడ్ లేచింది. వరసగా చూస్తే పని నేర్చుకుంటున్న మనుషులు కనబడతారు. మీరు మాత్రం ఆఖరుది ఒక్కదాన్నే విడిగా తీసి చూపిస్తారు.

ఇప్పుడు కాస్త కటువైన మాట. ఈ 'ఎవరు కట్టారు' అనే అనుమానం అందరి మీదా సమానంగా పడదు. పార్థెనాన్‌ను గ్రీకులు కట్టారంటే మీరెవరూ కనుబొమ్మలు ఎగరేయరు. ఈజిప్టు, పెరూ, ఆఫ్రికా, మన దేశం అనగానే ప్రశ్న పుడుతుంది. దీనికొక చరిత్ర ఉంది. ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలోని గ్రేట్ జింబాబ్వే రాతి గోడలు, 11 మీటర్ల దాకా ఎత్తున సున్నం లేకుండా పేర్చినవి, స్థానికుల పని కాదని 19వ శతాబ్దపు యూరోపియన్లు తేల్చేశారు. 1871లో అక్కడికి వెళ్ళిన కార్ల్ మౌఖ్ షేబా రాణి కథతో ముడిపెట్టాడు. తర్వాత సంరక్షకుడిగా పెట్టిన రిచర్డ్ హాల్ ఆఫ్రికన్ల నివాసపు పొరలను చెత్తగా తవ్వి పారబోశాడు. పురావస్తు శాస్త్రజ్ఞుడు రాండల్ మెకైవర్ 1905లో, గెర్‌ట్రూడ్ కేటన్ థాంప్సన్ 1929లో ఇవి ఆఫ్రికన్లు కట్టినవేనని ఆధారాలతో చూపించారు. అయినా రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) తెల్లవాళ్ళ ప్రభుత్వం 1970ల దాకా ఆ మాట బయటికి రాకుండా ఒత్తిడి తెస్తూనే ఉంది. ఈ నేల మీద మీకు హక్కు లేదని చెప్పడానికి, ఈ గోడలు మీవి కావని ముందు చెప్పాలి కదా. 1980లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆ దేశం ఆ గోడల పేరే పెట్టుకుంది. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. కానీ మీరు సరదాగా అడిగే ప్రశ్నను ఒకప్పుడు ఎవరెవరు ఎందుకు వాడుకున్నారో తెలిసి అడగడం మంచిది.

మన పూర్వీకుల దగ్గర లేజర్లు, రాయిని కరిగించే రసాయనాలు ఉండేవన్న వాదన దీనికి విరుగుడు అనుకునే వాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. పొగడ్తలా వినిపిస్తుంది గానీ చేసేది అదే పని. తరతరాలుగా తండ్రి దగ్గర కొడుకు నేర్చుకున్న చేతిపనిని మీట నొక్కే పనిగా మార్చేస్తుంది. సాంచీ దక్షిణ తోరణం మీద విదిశ దంతపు పనివాళ్ళు తాము ఈ శిల్పం చెక్కామని రాయించుకున్నారు. ఏనుగు దంతం మీద అలవాటైన చేయి కాబట్టే ఆ రాతి మీద అంత సన్నని నగిషీ వచ్చింది. వాళ్ళ చేతిలో లేజర్ పెడితే గౌరవం పెరుగుతుందా?

మిస్టరీలు అసలే లేవని నేను అనను. మహా పిరమిడ్ ర్యాంపు నేరుగా ఉండేదా, చుట్టూ తిరిగేదా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. 2018లో ఈజిప్టులోని హత్‌నుబ్ క్వారీలో ఖుఫు కాలపు నిటారైన ర్యాంపు, పక్కన మెట్లు, గుంజల గుంతలు బయటపడ్డాక ఆ చర్చ ఇంకా వేడెక్కింది. సింధు లిపిని ఇంకా ఎవరూ చదవలేదు. టర్కీలోని, సుమారు క్రీ.పూ. 9500 నాటి గోబెక్లి తెపెలో వ్యవసాయం కుదురుకోకముందే అంత పెద్ద స్తంభాలు ఎందుకు నిలబెట్టారో పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. ఎలా చెక్కారన్న దాని మీద మాత్రం అంత వాదన లేదు. పక్క క్వారీలో దాదాపు 7 మీటర్ల స్తంభం ఒకటి సగం చెక్కి వదిలేసి ఉంది. మీ ఛానెళ్ళకు ఏళ్ళ తరబడి సరిపడా నిజమైన ప్రశ్నలు ఇక్కడున్నాయి.

వ్యూస్ రావని అంటారేమో. డిడిమా గీతల కథకు, తేలు కుట్టిన పనివాడి హాజరు పట్టీకి వ్యూస్ రాకపోవని నా నమ్మకం. మెరెర్ డైరీని రోజువారీగా చదువుతూ మ్యాపు మీద పడవను నడిపిస్తూ ఎవరైనా తెలుగులో చేయండి, నేను తెలిసినవాళ్ళందరికీ పంపిస్తాను.

కొత్త వీడియోలు ఎలా చేస్తారన్నది మీ ఇష్టం. పాతవాటి విషయంలో మాత్రం చిన్న పని అడుగుతాను. 'కట్టినవాళ్ళెవరో తెలియదు' అని చెప్పిన వీడియోల కింద శాసనం, కట్టించినవారి పేరు, కాలం ఒక వాక్యంలో పిన్ చేయండి. కైలాసం కింద మొదటి కృష్ణుడు, బరాబర్ కింద అశోకుడు, అస్వాన్ కింద డోలరైట్ గుండ్లు. విరూపాక్ష ఆలయం మీద చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే గుండ అనివారితాచారి పేరు టైటిల్లోనే పెట్టండి.

ఇట్లు,
మీ వీడియోలు చివరిదాకా చూసే ఒక ప్రేక్షకుడు